చేతులు

1947 ఫిబ్రవరిలో క్రిస్టియన్ డియోర్ పారిస్‌లో తన తొలి ప్రదర్శన పెట్టాడు. బిగించిన నడుము, గజాల కొద్దీ బట్ట పట్టే పావడా. యుద్ధకాలపు కొరత ఇంకా తీరని రోజులవి. ఆ దుస్తుల్ని రెనే గ్రూయో నాలుగైదు కుంచె గీతల్లో పట్టుకున్నాడు. డియోర్ పేరు, గ్రూయో సంతకం చరిత్రలో నిలిచాయి. కుట్టిన స్త్రీలను మాత్రం అక్కడ ‘చిన్న చేతులు’ అనేవారు.

మన భాషలో జాకెట్టుకీ చేతులే, మనిషికీ చేతులే.

రేపల్లెలో మా అమ్మమ్మ బుట్టచేతుల జాకెట్లు కుట్టేది. తెనాలి వెళ్లి ‘మిస్సమ్మ’ (1955) చూసొచ్చిన ఆడవాళ్లు ‘సావిత్రి వేసుకున్నలాంటిది’ కావాలనేవారట. ఆ సినిమా కళాదర్శకులు గోఖలే, కళాధర్ పేర్లు మనకు తెలుసు. అమ్మమ్మకి బొమ్మ అక్కర్లేదు. ఆది జాకెట్టు, సుద్దముక్క చాలు. ఆమె గీసిన గీత మొదటి ఉతుకులోనే పోయేది.

బాపట్లలో ఒక సదస్సులో ఈ మాట చెబితే, ‘దీనికి ఆధారమేదమ్మా?’ అన్నారొకాయన.

ఆధారం అమ్మ పెట్టెలో ఉంది. ఆ జాకెట్టు లోపలివైపు పక్కన మూడు వరసల కుట్లున్నాయి. కాన్పు తర్వాత ఒళ్లు వస్తే ఒక్కో వరసా విప్పుకోవడానికి. డియోర్ గీతకి శరీరమే ఒదగాలి. అమ్మమ్మ మాత్రం మారే శరీరాన్ని ముందే లెక్కలోకి తీసుకుంది. సాహిత్య పరిశోధకులం, ఆ మూడు వరసల్నీ చదవడం మనం నేర్చుకోవాలి.