కాలిబాట మీది కొబ్బరిడొల్లలు

వేసవి సాయంకాలమున బొండముల బండి వెడలిపోయిన పిమ్మట కాలిబాటపై మిగులు డొల్లలను గాంచినపుడెల్ల, దాహము తీర్చిన ఫలమే దారికి అడ్డమగుచున్నదే యని నా మనస్సు క్లేశపడుచుండును. ఆ డొల్లలలో తొలకరి చినుకులు నిలిచినచో డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమకు అంతకన్న అనువైన పురిటిల్లు వేఱొకటి యుండదు. ఇక పాలప్యాకెట్లు, గుట్కా పొట్లములు, టీ కప్పులు వాననీటికి కొట్టుకొనిపోయి మురుగుకాలువకు అడ్డుపడగా, ఆ నీరే మరల మన గుమ్మములెక్కి వచ్చును.

చెత్తను వీథిలోగాని కాలువలోగాని పాఱవేయరాదనియు, వీథివ్యాపారులు సైతము తమ వ్యర్థములకు తగిన డబ్బా నుంచుకొనవలెననియు 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమావళి స్పష్టముగా విధించినది; అందు కొబ్బరిడొల్లల ప్రస్తావనము సైతము కలదు. అయినను దోషమంతయు బండివారిదే యనుట న్యాయము కాదు. 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధింపబడిన ప్లాస్టిక్ స్ట్రాను అడిగి పుచ్చుకొని, త్రాగి, నిలిచినచోటనే జారవిడుచువారు చదువుకొన్నవారే కదా! వాకిలి చిమ్మి ముగ్గుపెట్టు మన జాతికి శుభ్రత తెలియదని నేనొప్పను. గడప దాటిన నేల మనది కాదను భావమే మూలకారణము. దాని ఫలితము, తెల్లవాఱకమునుపే వాహనముల నడుమ వంగి ఊడ్చు పారిశుద్ధ్య కార్మికురాలి నడుముపై పడుచున్నది.

మా వీథి మలుపున బొండములమ్ము అవ్వ ఈ నడుమ బండికొక గోనెసంచి కట్టి, "ఇందులో వెయ్యి నాయనా" అని ప్రతివారికిని చెప్పుచున్నది. కాదన్నవారిని నేనింతవఱకు చూడలేదు. మిత్రులారా, మీ వీథిలోని బండికి అట్టి సంచి లేనిచో, ఒకటి మీరే కొనియిచ్చి చూడుడు.