దల్మా ఎక్కితే రాళ్లు చూడండి

జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్ తెలుగువాళ్లకి దల్మా కొండ అంటే ఏనుగులు, పైన శివాలయం. ఈసారి కాళ్ల కింద రాళ్లు కూడా చూడండి. కింద అభ్రకపు శిస్టు అనే రాయి: పొరలు పొరలుగా ఊడొస్తుంది, చేత్తో రాస్తే వేళ్లకి తళుకు అంటుతుంది. పైన ఆకుపచ్చ ఛాయ ఉన్న గట్టి రాయి. అది ఒకప్పటి లావా! భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ రూపం మారింది. ఆ పచ్చదనం క్లోరైట్ లాంటి ఖనిజాలది.

గ్రానైట్ కావాలంటే దక్షిణంగా చాయిబాసా వైపు పోవాలి. సింగ్‌భూమ్ గ్రానైట్ వయసు 300 కోట్ల ఏళ్ల పైమాటే.

మనం ఇక్కడికి వచ్చిందీ రాళ్ల వల్లే. 1904లో పి.ఎన్. బోస్ అనే జియాలజిస్టు మయూర్‌భంజ్ ఇనుప ఖనిజం గురించి జంషెట్‌జీ టాటాకి ఉత్తరం రాశాకే టాటాల చూపు ఇటు తిరిగింది. ఉక్కు ఫ్యాక్టరీ వచ్చింది, దాని వెనకే మన తాతలూ వచ్చారు. రాయే కదా అని తీసిపారేయకండి మరి!