ఇస్తాంబుల్ కాజీపేటలో ఆఖరి రోజు

ఇస్తాంబుల్‌కి రెండు ఎయిర్‌పోర్టులు. ఇండియా నుంచి మనవాళ్లు దిగేది యూరప్ వైపున్న కొత్త, పెద్ద ఎయిర్‌పోర్టులో. అక్కడి నుంచి బెలూన్ల కోసం కపడోకియా వెళ్దామని చౌక టికెట్ వెతికితే మాత్రం ఎక్కువగా ఆసియా వైపున్న సబీహా గోక్చెన్ తగులుతుంది. టికెట్ మీద ఎస్‌ఏడబ్ల్యూ అని ఉంటే అదే. ఆ పేరు అతాతుర్క్ దత్తపుత్రికది. టర్కీలో యుద్ధవిమానం నడిపిన తొలి మహిళ.

చాలామంది ఆఖరి రోజు కూడా పాత నగరంలోనే తిరుగుతారు. బ్లూ మాస్క్ ముందు మిగిలిపోయిన రీల్ ఒకటి తీసుకుని, సాయంత్రం ట్రాఫిక్‌లో బ్రిడ్జి మీద ఇరుక్కుని, గడియారం చూసుకుంటూ చెమటలు కక్కుతారు. ఎందుకండీ అంత ఆయాసం? ఫ్లైట్ ఏ ఒడ్డున ఉంటే ఆఖరి రోజు ఆ ఒడ్డునే పెట్టుకోండి.

మేం అదే చేశాం. మా ఆయన ట్రిప్ మొత్తాన్ని గంటల లెక్కన ఎక్సెల్ షీట్లో పెట్టే రకం. ఆఖరి రోజు గడిలో మాత్రం నేను ఏమీ రాయనివ్వలేదు. 'రెస్ట్' అని కూడా వద్దన్నాను.

దానికో కారణం ఉంది. గత మూడేళ్లలో మేమిద్దరం అందరి నోటా విన్న మాట 'రిలాక్స్ అవ్వండి'. పిల్లల కోసం ట్రీట్‌మెంట్ తీసుకుంటున్న ఎవర్నైనా అడగండి, చెప్తారు. డాక్టర్ అంటారు, నర్సు అంటుంది, పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్న పెద్దావిడ కూడా అంటుంది. ఇంజెక్షన్లకి అలారం పెట్టుకుని మరీ రిలాక్స్ అయ్యాం. మూడో ఐవీఎఫ్ కూడా నిలవలేదు. ఇక చాలు అని ఇద్దరం అనుకున్నాక, నాలుగోదాని కోసం దాచిన డబ్బుల్లోంచి కొన్నవే ఈ టికెట్లు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పొద్దున్నే చెరో బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని ట్రామ్‌లో ఎమినోను రేవుకి వెళ్లాం. ట్రామ్‌కి వాడిన ఇస్తాంబుల్‌కార్ట్‌తోనే ఫెర్రీ కూడా ఎక్కేయొచ్చు. ఇరవై నిమిషాల్లో ఖండం మారిపోతుంది. అవే నీళ్లు, అవే దృశ్యాలు. టూరిస్టు బోటు వాళ్లు అడిగేదాంట్లో చిన్న వంతుకే, ఆఫీసుకి వెళ్లేవాళ్ల పక్కన కూర్చుని చూడొచ్చు. వెనక్కి తిరిగితే ఆయా సోఫియా గుమ్మటం చిన్నదైపోతూ ఉంటుంది. నువ్వులద్దిన సిమిత్ రొట్టె ముక్క గాల్లోకి విసిరితే సీగల్స్ అలాగే అందుకుంటాయి. సగం రొట్టె వాటికే పోయింది.

రేవు దగ్గరపడుతుంటే నీళ్లలోంచి లేచినట్టు ఒక కోటలాంటి భవనం కనిపిస్తుంది. హైదర్‌పాషా రైల్వే స్టేషన్. పేరు వింటే మన పాతబస్తీలో ఎక్కడో ఉండాలి కదా అనిపిస్తుంది. బాగ్దాద్ దాకా రైలు వేద్దామనుకున్న రోజుల్లో జర్మన్ ఆర్కిటెక్టులు గీసిన డిజైన్ అది. 2013 తర్వాత అక్కడికి రైళ్లు ఆగిపోయాయి.

దిగిన చోటు పేరు కాడికోయ్. 'కాడి' అంటే ఖాజీ, 'కోయ్' అంటే ఊరు. అంటే అచ్చంగా మన కాజీపేట! ఇది కనిపెట్టినందుకు మా ఆయన ఆ రోజంతా 'వరంగల్ ఎప్పుడొస్తుంది?' అని అడుగుతూనే ఉన్నాడు.

కాడికోయ్‌లో టికెట్ కొని చూడాల్సిన గొప్ప కట్టడాలంటూ పెద్దగా లేవు. దాని సుఖం అదే. రేవు ఎదురుగానే బజారు. చేపల దుకాణాలు, ఆలివ్ కాయల గుట్టలు, రంగురంగుల ఊరగాయ సీసాలు. ఇక్కడి ఊరగాయని 'తుర్షు' అంటారు. కారం లేదు, నూనె లేదు. ఉప్పు, వెనిగర్ నీళ్లలో క్యాబేజీ, దోసకాయ ఊరేయడమే. పైగా ఆ ఊటని గ్లాసులో పోసి తాగమని ఇస్తారు. గుంటూరు ఆవకాయతో పెరిగిన నోటికి అది కొంచెం అవమానంగా అనిపించింది కానీ, రెండో గుక్కకి బాగానే ఎక్కింది.

టిఫిన్‌కి మెనెమెన్. టమోటా, పచ్చిమిరప మగ్గబెట్టి గుడ్లు కొట్టి పోస్తారు. మన గుడ్డు టమోటా కూరకి పిన్ని కూతురన్నమాట. అందులో ఉల్లిపాయ వెయ్యాలా వద్దా అన్నది అక్కడ పెద్ద గొడవ. 2018లో వేదత్ మిలోర్ అనే ఆహార విమర్శకుడు ట్విట్టర్‌లో ఆ ప్రశ్న పెడితే లక్షల మంది ఓటేశారు. ఉల్లి పార్టీ వెంట్రుకవాసిలో గెలిచింది. నా ఓటూ దానికే.

బజారు నుంచి పావుగంట నడిస్తే మోడా. ఎత్తు మీద చెట్ల కింద టీ తోటలు, కింద మర్మరా సముద్రం, దూరంగా ద్వీపాలు. నడుము సన్నటి చిన్న గాజు గ్లాసులో చాయ్ వస్తుంది. వాళ్లూ చాయ్ అనే అంటారు. పాలు మాత్రం అడక్కండి, అలా చూస్తారు. నల్ల సముద్రం ఒడ్డున రిజే కొండల్లో పండిన ఆకు. ఒక గ్లాసు నాలుగు గుక్కలు. గంటల తరబడి కూర్చున్నా లేవమని ఎవరూ అనరు.

కాడికోయ్ పాత పేరు కాల్సెడన్. ఎదురుగా అంత అందమైన ఒడ్డు ఉంటే అది వదిలేసి ఇక్కడ ఊరు కట్టుకున్నారు కాబట్టి వీళ్లు గుడ్డివాళ్లని పాతకాలం గ్రీకులు ఎగతాళి చేసేవారట. 'గుడ్డివాళ్లకి ఎదురుగా నీ ఊరు కట్టుకో' అని బైజాస్‌కి దేవవాణి చెప్పిందని, అలా అవతలి ఒడ్డున బైజాంటియమ్ పుట్టిందని కథ. మోడాలో కూర్చుని చూస్తే వాళ్లంత గుడ్డివాళ్లేం కాదనిపించింది.

మూడో చాయ్ దగ్గర అత్తయ్య వీడియో కాల్.

"ఎక్కడున్నార్రా?"

"టీ తాగుతున్నామమ్మా."

"మంచి పని. బాగా రిలాక్స్ అవ్వండి. ఈసారి నిలుస్తుంది చూడు."

మామూలుగా అయితే 'ఊఁ' అని మాట మారుస్తాడు. ఆ రోజు మార్చలేదు. "ఈసారి అంటూ ఏం లేదమ్మా. ఆపేశాం. నాలుగు నెలలైంది" అన్నాడు.

స్క్రీన్ మీద అత్తయ్య మొహం పోయి, వాళ్ల హాల్లో సీలింగ్ ఫ్యాన్ కనిపించింది. అది చాలాసేపు తిరిగింది. తర్వాత, "అమ్మాయికి ఇవ్వు" అంది.

తీసుకున్నాను.

"తిన్నావా అమ్మా?"

"తిన్నాను అత్తయ్యా."

"గాలి బాగా వస్తున్నట్టుంది అక్కడ. చెవులకి ఏమన్నా కట్టుకో."

అంతే. ఫోన్ పెట్టేశాక మేం దాని గురించి మాట్లాడుకోలేదు. ఇంకో రెండు చాయ్‌లు చెప్పాం. తను బూట్లు విప్పేసి కాళ్లు ఖాళీ కుర్చీ మీద పెట్టుకున్నాడు. అన్నేళ్లలో తనని అలా చూడలేదు.

అక్కడి నుంచి జివెర్‌బే అనే పేటకి టాక్సీలో వెళ్లాం. అక్కడ తొంబిలి ఉంది. మీరు తప్పకుండా చూసే ఉంటారు. ఫుట్‌పాత్ మెట్టు మీద మోచెయ్యి ఆనించి, ఏ పనీ లేని జమీందారులా జారగిలబడ్డ బొద్దు పిల్లి. ఇంటర్నెట్ మొత్తం తిరిగిన మీమ్ అది. 2016లో చచ్చిపోతే ఆ వీధిలోనే, అదే భంగిమలో కంచు విగ్రహం పెట్టారు. పెట్టిన నెలకే ఎవరో ఎత్తుకుపోయారు. దేశమంతా గోల చేస్తే, కొద్దిరోజుల్లోనే తిరిగొచ్చింది. విగ్రహం చాలా చిన్నది. దాని కోసమే ప్రత్యేకంగా వెళ్తే నిరాశ పడతారు, పని లేని రోజైతే బాగుంటుంది. పక్కనే అసలు పిల్లి ఒకటి దాన్ని లెక్కచెయ్యకుండా నిద్రపోతోంది.

తిరిగి కాడికోయ్ వచ్చి మెట్రో ఎక్కాం. ఎం4 లైన్. 2022 అక్టోబర్ నుంచి ఇది నేరుగా ఎయిర్‌పోర్టు దాకా వెళ్తోంది. గంటలోపే. ట్రాఫిక్ గొడవ లేదు. రెండో స్టేషన్ పేరు ఐరిలిక్ చెష్మెసి, అంటే వీడ్కోలు ఊట. ఒకప్పుడు మక్కా వైపు బయల్దేరే బిడారుల్ని అయినవాళ్లు అక్కడిదాకా వచ్చి సాగనంపేవారట. ఇంకో రెండు స్టేషన్లు దాటాక 'గోజ్‌తెపే' అని అనౌన్స్‌మెంట్ వచ్చింది.

ఆ పేరు నాకు తెలుసు. ఆటోమన్ రాకుమారి నీలోఫర్ 1916లో పుట్టింది గోజ్‌తెపేలోనే. 1924లో ఆ వంశాన్నంతా దేశం నుంచి పంపేశారు. 1931లో ఫ్రాన్స్‌లో మన నిజాం రెండో కొడుకు మొజం జాని పెళ్లాడి హైదరాబాద్ వచ్చింది. ఆమెకి పిల్లల్లేరు. తన దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోతే, ఇంకెవరికీ అలా జరగకూడదని పట్టుబట్టి ఆస్పత్రి కట్టించేలా చేసింది. రెడ్‌హిల్స్‌లో ఇప్పటికీ రోజూ పిల్లలతో, తల్లులతో కిటకిటలాడే నీలోఫర్ ఆస్పత్రి అదే. నేను పుట్టింది అందులోనే.

ఇదంతా చెప్తే మా ఆయన తలుపులు మూసుకునే దాకా ప్లాట్‌ఫామ్ వైపు చూశాడు. "ఆవిడ నీకు అమ్మమ్మ లెక్క అన్నమాట" అన్నాడు.

ఈ లైన్లో ఆఖరి స్టేషనే ఎయిర్‌పోర్టు. కాబట్టి కునుకు తీసినా స్టేషన్ దాటిపోతామన్న భయం లేదు. తను అదే చేశాడు.