ఈ మధ్య ఏం వింటున్నారు?

జాజ్ రికార్డులు సేకరించేవాళ్లు ఒకచోట చేరితే ఒకరినొకరు మొదట అడిగే ప్రశ్న "ఈ మధ్య ఏం వింటున్నావు?" అనే. మనం "భోంచేశారా?" అని అడిగినట్టు. కానీ జవాబు మాత్రం కుశలప్రశ్నకి చెప్పే జవాబులా ఉండదు. వాయించినవాళ్ల పేర్లు, కంపెనీ, నంబరు, ఎన్నో ముద్రణ, అట్ట ఎలా ఉంది, ఎంతకి దొరికింది... ఈ వరసలో నడుస్తుంది. ఏ పూట విన్నారో, ఎందుకు వినాలనిపించిందో, పక్కన ఎవరున్నారో చెప్పరు. అడగరు కూడా.

పరిశోధన పనిమీద ఏడాదిపాటు న్యూయార్క్‌లో ఉన్నప్పుడు అలాంటి ఒక బృందంతో పరిచయమైంది. నెలకో ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో కలిసేవాళ్లు. తలా ఒక రికార్డు తెచ్చి, ఒక వైపు వినిపించి, దాని గురించి చెప్పేవాళ్లు. పదిమందిదాకా ఉండేవాళ్లు. చాలామంది అరవై దాటినవాళ్లు. నేను తప్ప అందరూ మగవాళ్లే.

వాళ్ల మాటలు నాకు వింతగా అనిపించలేదు. నా డాక్టరేటు పాతకావ్యాల పాఠపరిష్కరణ మీద. తాళపత్ర ప్రతిలో లేఖకుడి గద్యని బట్టి, విరిగిన ఆకుని బట్టి ఏ ప్రతి ఏ ప్రతికి మూలమో తేల్చుకోవటం నాకు అలవాటైన పని. వీళ్లు చేసేదీ అదే. పాటలు అయిపోయాక లేబుల్‌కి ముందు నున్నటి వలయం ఒకటి మిగులుతుంది. దీపం కింద పట్టుకుని అందులో చెక్కిన గుర్తులు చదువుతారు. బ్లూ నోట్ కంపెనీ రికార్డయితే, న్యూజెర్సీలోని ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ వేసిన చిన్న గుర్తు కోసం వెతుకుతారు. అది చెవి ఆకారంలో ఉంటుంది కాబట్టి 'చెవి' అనే పిలుస్తారు. 1966లో కంపెనీ చేతులు మారాక ఆ చెవి కనపడదు. అలాగే లేబుల్ మీద లెక్సింగ్టన్ అవెన్యూ చిరునామా ఉంటే అది 1957కి ముందటి లేబుల్. ఎవరు ఏ రోజు ఏ స్టూడియోలో వాయించారో ఈపాటి నిక్కచ్చిగా మనకి తెలుస్తోందంటే ఇలాంటివాళ్ల ఓపికే కారణం. దాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేను.

ఒక ఆదివారం ఒకాయన బ్లూ నోట్ 1530 తెచ్చారు. గదిలో అందరూ లేచి నిలబడ్డారు. 'యూటా హిప్ విత్ జూట్ సిమ్స్', 1956 జులైలో రికార్డు చేసింది. మొదటి ముద్రణ మంచి స్థితిలో ఉంటే వేల డాలర్లు పలుకుతుంది. చెవి ఉందా, లేబుల్ మీద చిరునామా ఏది, అంచు ఎలా ఉంది అన్న చర్చ ముప్పావుగంట సాగింది. సాక్సఫోన్ గురించీ మాట్లాడారు. పియానో ముందు కూర్చున్న మనిషి గురించి, ఆ రికార్డు ఎవరి పేరు మీద ఉందో ఆవిడ గురించి, ఒకే ఒక్క మాట వచ్చింది. "ఆ తర్వాత మానేసింది, అందుకే అరుదు."

మానేసింది. మన సాహిత్యచరిత్రల్లో ఎన్నిసార్లు చదివిన క్రియాపదం ఇది! రెండు కథలు రాసి మానేసింది, పెళ్లయ్యాక మానేసింది. ఆ ఒక్క మాట దగ్గర చరిత్రకారుడు పుట మూసేస్తాడు. నాకు అక్కడే మొదలవుతుంది.

యూటా హిప్ 1925లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టింది. చిత్రలేఖనం చదువుకుంది. విదేశీ రేడియో వినటమే నేరమైన నాజీల కాలంలో చాటుగా వింటూ జాజ్ నేర్చుకుంది. ఈ మధ్య ఏం వింటున్నావు అన్న ప్రశ్నకి ఆమె గట్టిగా జవాబు చెప్పుకోలేని రోజులవి. యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీకి వెళ్లిపోయింది. పెళ్లి కాకుండా బిడ్డని కని, దత్తతకి ఇచ్చేసింది. 1955లో న్యూయార్క్ వచ్చి, మరుసటి ఏడు హికరీ హౌస్‌లో వాయించింది. ఆ ఒక్క ఏడాదిలోనే బ్లూ నోట్‌కి మూడు రికార్డులకి సరిపడా వాయించింది. కొద్దికాలానికే పియానో వదిలేసింది. వేదికంటే భయమనీ, తాగుడనీ, తనని పైకి తెచ్చిన విమర్శకుడితో పొసగలేదనీ రకరకాల కారణాలు చెబుతారు. తర్వాత దాదాపు 35 ఏళ్లు బట్టల కంపెనీలో కుట్టుపని చేసింది. బొమ్మలు వేసుకుంది. 2003లో న్యూయార్క్‌లోనే చనిపోయింది. ఆమెకి రావలసిన రాయల్టీ ఎక్కడికి పంపాలో 2000 దాకా రికార్డు కంపెనీకి తెలియలేదని రాశారు.

లేబుల్ మీద కంపెనీ చిరునామా ఏ ఏడాది మారిందో గదిలో అందరికీ తెలుసు. అదే నగరంలో బతికున్న ఆమె చిరునామా ఏళ్లతరబడి ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఆ రోజు ఇంటావిడ కాఫీ ఇస్తూ గుమ్మం దగ్గర ఆగి వింది. వంటింట్లోకి వెళ్లి మాట కలిపాను. ఈ రికార్డు మీకు తెలుసా అంటే నవ్వింది. "నాకు నంబర్లు తెలీవమ్మా. మా ఇంట్లో దీని కొత్త ముద్రణ ఉంది. ఇస్త్రీ చేసేటప్పుడు పెట్టుకుంటాను. ఒక వైపు అయ్యేసరికి నాలుగు చొక్కాలవుతాయి. ఆ అమ్మాయి పియానో కంగారు పెట్టదు. సాక్సఫోన్ ఎగిరి వెళ్లినప్పుడల్లా వెనక చోటు సర్ది పెడుతుంది." ముప్పావుగంట చర్చలో ఎవరూ అనని విమర్శ అది. నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో మోగిన ప్రతి రికార్డూ ఆవిడ చెవిన పడింది. అయినా 'ఏం వింటున్నావు?' అని ఆవిడని ఎవరూ అడగలేదు. వినటం ఆయనకి వ్యాసంగం. ఆవిడకి పనిలో పని.

సేకరణ మగవాళ్ల లక్షణమనీ, అనుభూతి మనదనీ తేల్చేసి ఊరుకుంటే సులువే. కానీ రోజెటా రైట్స్ దానికి అడ్డొస్తుంది. న్యూయార్క్ స్త్రీవాది, పుస్తకాల షాపు నడిపింది, 1977లో మెనోపాజ్ మీద పుస్తకం రాసింది. 1979లో తన పేరుతోనే రోజెటా రికార్డ్స్ మొదలుపెట్టింది. పాత 78 ఆర్పీయం రికార్డులు వెతికి, వాటిలోని స్త్రీల పాటలని, వాద్యాలని ఎల్పీలుగా తెచ్చింది. బ్లూస్ పాడిన నల్లజాతి స్త్రీలంటే మగవాడు వదిలేస్తే ఏడ్చేవాళ్లే అన్న పాత అభిప్రాయానికి ఎదురుగా, తమ కాళ్ల మీద తాము నిలబడ్డ స్త్రీల పాటలని ఒకచోట చేర్చింది. 1937లో మిసిసిపీలోని ఒక స్కూలులో పుట్టిన స్త్రీల బ్యాండు, ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్, మళ్లీ వినిపించడానికి ఆమె కూడా ఒక కారణం. ఆమె చేసింది కూడా నంబర్లు, తేదీలు, గాళ్లు వెతికే పనే. వెతికేది ఎవరికోసం అన్న దగ్గరే తేడా.

ఈ పని మనకీ కొత్త కాదు. ముద్దుపళని 'రాధికాసాంత్వనము' అచ్చుప్రతిలో పద్యాలు ఎగిరిపోయాయని గుర్తుపట్టి, వేరే ప్రతి సంపాదించి, 1910లో పూర్తిగా అచ్చు వేయించింది బెంగుళూరు నాగరత్నమ్మ. 1911లో దాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి 1947 రావలసి వచ్చింది. పాఠభేదాలు చూడటం పొడి పాండిత్యమనుకునేవాళ్లకి నేను ఆమె పేరే చెబుతాను. ఎగిరిపోయిన పద్యాలని ఆమె లెక్కపెట్టకపోతే, కవయిత్రి తన గురించీ తన కుటుంబం గురించీ చెప్పుకున్న మాటలు కూడా మనకి దక్కేవి కావు. నాగరత్నమ్మ స్వయంగా గ్రామఫోను రికార్డులిచ్చిన గాయని కూడా.

అందుకని నంబర్లు వద్దనను. నంబరు పక్కన ఇంకొన్ని గళ్లు కావాలంటాను. ఆ రికార్డు తర్వాత ఆమె ఎలా బతికింది? ఆ ఇంట్లో ఇంకెవరు విన్నారు? చేతిలో ఏ పని ఉండగా విన్నారు? ఇవి అడిగితే రికార్డు విలువ ఒక్క డాలరు కూడా తగ్గదు. చరిత్రలోకి మాత్రం మరో ఇద్దరు ముగ్గురు మనుషులు వస్తారు.

నన్నడిగితే, ఈ మధ్య మెల్బా లిస్టన్‌ని వింటున్నాను. ఇతరుల రికార్డులకి, ముఖ్యంగా ర్యాండీ వెస్టన్‌కి, ఎన్నో ఏళ్లు సంగీతం కూర్చిపెట్టిన ట్రాంబోన్ కళాకారిణి. ఆ పనికి అట్ట వెనక చిన్న అక్షరాలే దక్కాయి. నాయకురాలిగా 1958లో రికార్డు చేసిన ఆల్బమ్ ఒక్కటే. నా దగ్గరున్నది సీడీ, చెవి గుర్తూ గిర్తూ ఏమీ లేదు. సాయంత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అమ్మా నేనూ వింటాం. మొదటిసారి విన్నప్పుడు అమ్మ చెయ్యి ఆపి, "ఇది ఊదేది ఆడమనిషా? మన బ్యాండుమేళంలో ఆడవాళ్లు ఊదగా నేనెప్పుడూ చూళ్లేదే" అంది. తేదీ వేసి, ఆ మాటని ఆల్బమ్ పేరు పక్కనే రాసుకున్నాను.