కాతేరు బాపమ్మ

రాజమండ్రి పక్కనున్న కాతేరులో పుట్టిన బాపమ్మ, ఆటపాటల ఈడులోనే 1861లో కందుకూరివారి కోడలైంది. పెళ్ళికొడుకు వీరేశలింగానికి పదమూడేళ్ళు. అత్తింట ఆమె రాజ్యలక్ష్మి అయింది.

బాల్యవివాహాల మీద అంతగా విరుచుకుపడిన ఆయన సొంత సంసారం మాత్రం దాదాపు అర్ధశతాబ్దం చక్కగా సాగింది. చిత్రమే!

1881 డిసెంబరు 11న వాళ్ళింట్లో తొలి వితంతు వివాహం. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు మొహం చాటేశారు. రాజ్యలక్ష్మమ్మే గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు తెచ్చి, పెళ్ళివారికి వండి వార్చారు. సంస్కర్త అన్న బిరుదు ఆయనకు దక్కింది. పొయ్యి పొగ మాత్రం ఆవిడ కళ్ళకే.

వాళ్ళకు పిల్లల్లేరు. ఆశ్రయం కోరి వచ్చిన వితంతువులకు ఆవిడే తల్లి. 1910లో ఆవిడ కన్నుమూశాక ఆయన మరో తొమ్మిదేళ్ళు బతికారు.