యాభై అయిదు మెట్లు

మా బాపు హన్మకొండలో నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. గోడ కనబడితే చాలు, చేత్తో తడిమి చూడనిదే ముందుకు కదలడు. అందుకే 2024 వేసవిలో మా దగ్గరికి లీడ్స్ వచ్చినప్పుడు, గుడులూ షాపింగ్ మాల్సూ పక్కనపెట్టి ముందుగా యార్క్‌లోని క్లిఫర్డ్స్ టవర్‌కు తీసుకుపోయాను. రైలులో అరగంట ప్రయాణం.

ఊరి మధ్యలో గడ్డి మొలిచిన మట్టిదిబ్బ, దాని నెత్తిన ఒంటరి రాతి బురుజు. అంతే. బాపు కింద నిలబడి ఎగాదిగా చూశాడు.

"గింతేనా కోటంటే? మన ఓరుగల్లు కోటకు నలభై అయిదు బురుజులున్నయి రా."

పౌరుషం పొడుచుకొచ్చి నేను గైడు అవతారం ఎత్తాను. ఎమ్మెస్‌లో నేర్చుకున్నవి మరిచిపోయాను గానీ, ఇలాంటివి మాత్రం బాగా గుర్తుంటాయి. ఇంగ్లండును గెలిచిన విలియం రాజు, ఉత్తరాది జనం తిరగబడకుండా యార్క్‌లో 1068, 69 సంవత్సరాల్లో రెండు దిబ్బలు పోయించి కోటలు కట్టించాడు. ఇది వాటిలో ఒకటి. మొదట్లో పైన ఉన్నది కొయ్య బురుజు. ఇప్పుడున్న రాతి కట్టడాన్ని మూడో హెన్రీ రాజు 1245 ప్రాంతంలో మొదలుపెట్టించాడు. పూర్తి కావడానికి పాతికేళ్లు పట్టింది. పైనుంచి చూస్తే నాలుగు రేకుల పువ్వులా ఉంటుంది. ఇంగ్లండులో ఇలాంటి బురుజు మరొకటి లేదు.

"అప్పుడు మన దగ్గర ఎవరు?" అన్నాడు బాపు.

"గణపతిదేవుడు, ఆ తర్వాత రుద్రమదేవి. ఓరుగల్లు రాతికోట లేచింది కూడా ఆ రోజుల్లోనే."

ఆ మాటతో బాపుకు ఈ బురుజు చుట్టమైపోయింది. యాభై అయిదు మెట్లు ఆగి ఆగి ఎక్కాడు. ద్వారం పైన రాజుగారి చిన్న ప్రార్థనా మందిరం. లోపల, 2022లో కట్టిన చెక్క వేదిక పుణ్యమా అని, మూడు వందల ఏళ్లకు పైగా ఎవరికీ అందని రాజుగారి మరుగుదొడ్డి కూడా చూడొచ్చు. వాననీళ్లతో శుభ్రమయ్యే ఏర్పాటు అందులో ఉందట. బాపు దాని ముందే ఎక్కువసేపు నిలబడ్డాడు. తరువాత గోడలో ఒక పగులు పట్టుకున్నాడు.

"దిబ్బ కుంగింది. పోసిన మట్టి మీద గింత బరువు పెడితే ఆగుతదా?"

నిజమే. పద్నాలుగో శతాబ్దంలోనే ఈ బురుజు పగుళ్లిచ్చింది. కొన్ని రాళ్లు గులాబీ రంగుకు ఎందుకు తిరిగాయని అడిగితే, 1684లో లోపల అంటుకున్న మంటల వేడికని చెప్పాను. దిగాక దిబ్బ మొదట్లో ఉన్న రాతిపలక చూపించి, "ఇదేం రాసిన్రు?" అన్నాడు.

"పాతకాలం గొడవలు బాపూ. పద, రైలుకు టైమయింది."

అక్కడ రాసి ఉన్నది నాకు తెలుసు. పండక్కి వచ్చిన మనిషికి చావు కబురు చెప్పడమెందుకనుకున్నాను. అసలు సంగతి అది కాదేమో. ఇన్నేళ్లుగా నేనుంటున్న దేశం గురించి నాన్నకు ఒక చెడ్డమాట నా నోటితో చెప్పడం నాకిష్టం లేదు.

ఆగస్టు 4న, మా ఇంటికి గంట దూరం కూడా లేని రోథర్‌హామ్ దగ్గర, శరణు కోరి వచ్చినవాళ్లను ఉంచిన హోటల్ మీదికి అల్లరిమూక వచ్చింది. లోపల రెండు వందల మందికి పైగా ఉన్నారు. మండుతున్న చెత్తడబ్బాను తలుపుకు ఆనించారు. టీవీలో అది చూస్తూ ముగ్గురం అన్నం కలుపుకోవడం మరిచిపోయాం. మా అమ్మాయి మెల్లగా, "క్లిఫర్డ్స్ టవర్‌లో కూడా ఇలాగే కదా నాన్నా?" అంది.

బాపు నావైపు చూశాడు. ఇక చెప్పక తప్పలేదు.

1190 మార్చిలో యార్క్‌లోని యూదుల మీదికి జనం ఎగబడ్డారు. సుమారు నూట యాభై మంది పిల్లాపాపలతో ఆ కొయ్య బురుజులో తలదాచుకున్నారు. అది రాజుగారి కోట, వాళ్లు రాజుగారి రక్షణలో ఉన్నవాళ్లు. ఆ రాజు దేశంలో లేడు. కోట అధికారి బయటికి వెళ్లినప్పుడు, తిరిగొచ్చి తమను అప్పగిస్తాడేమోనన్న భయంతో తలుపులు వేసుకున్నారు. దాంతో బలగం కూడా మూకతో కలిసింది. మార్చి 16న చాలామంది తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. బురుజు కాలింది. మతం మారితే వదిలేస్తామన్న మాట నమ్మి బయటికొచ్చినవాళ్లను చంపేశారు.

"గంత పగ ఏంది?"

"మతం ఒకటి. అప్పులు ఇంకొకటి. ముందు నడిచినవాళ్లలో కొందరు ఆ యూదులకు బాకీ ఉన్నవాళ్లే. అక్కణ్ణుంచి పెద్ద చర్చికి పోయి అప్పు పత్రాలన్నీ తగలబెట్టారు."

నా వృత్తి వల్ల నాకు నిద్రపట్టనివ్వనిది తరువాతి సంగతి. ఊరి పెద్దలకు జరిమానాలు పడ్డాయి గానీ, ఒక్కరికీ మరణశిక్ష పడలేదు. 1194లో మాత్రం కొత్త నియమం వచ్చింది. ప్రతి అప్పు పత్రం రెండు ప్రతులు రాయాలి, ఒకటి తాళాల పెట్టెలో దాచాలి. నేను కంపెనీలకు చేసిపెట్టేదీ ఇదే పని, బ్యాకప్. యూదుల నుంచి ఖజానాకు ఆదాయముంది కాబట్టి లెక్కలకు రెండో ప్రతి దొరికింది. మనుషులకు అలాంటి ఏర్పాటేదీ జరగలేదు. 1290లో మొదటి ఎడ్వర్డ్ యూదులందరినీ దేశం నుంచే వెళ్లగొట్టాడు.

బాపు చాలాసేపటికి అడిగాడు. "ఈ హోటల్ల వాళ్లు బతికిన్రా?"

"బతికారు బాపూ. పోలీసులు అడ్డం నిలబడ్డారు. వాళ్లకే పదుల సంఖ్యలో దెబ్బలు తగిలాయి."

"మంచిది," అని చెయ్యి కడుక్కున్నాడు. "గా పలక సంగతి ఆనాడే చెప్పాల్సింది రా. నేనేం చిన్నపిల్లగాణ్నా?"

మరుసటి మార్చిలో నేనూ మా అమ్మాయీ మళ్లీ వెళ్లాం. దిబ్బ నిండా పచ్చటి డాఫొడిల్ పూలు, ఒక్కోదానికి ఆరు రేకులు. ఆ నూట యాభై మంది జ్ఞాపకంగా, దావీదు నక్షత్రానికున్న ఆరు కొనలను తలపించేలా నాటిన పూలవి. హన్మకొండకు వీడియో కాల్ చేశాం. అమ్మాయి ఫోన్ పట్టుకుంటే, నేను పలక మీది మాటలు ఒక్కొక్కటే తెలుగులోకి మార్చి బాపుకు చదివి వినిపించాను.

అంతా విని, "పైకెక్కి గా పగులు పెరిగిందేమో చూడున్రి," అన్నాడు.

యాభై అయిదు మెట్లూ ఎక్కాం.