మాది కాని యెన్నిక

ఏడు సముద్రముల కావల జరుగు నెన్నికకై తెనుఁగుదేశపు గృహిణి యొకతె నిద్ర మానుట నవ్వులాట యని సోదరీమణులు తలంపవచ్చును. 2024వ సంవత్సరము నవంబరు 5వ తేదీ రాత్రి మేమట్లే నిద్ర మానితిమి. అమెరికా సంయుక్త రాష్ట్రముల యధ్యక్ష పదవికి నాఁడు పోలింగు. మా పక్షము కమలా హారిస్ గారిది.

ఆ పక్షము మేమేల పట్టితిమందురా? ఆమె తల్లి శ్యామలా గోపాలన్ గారు 1958లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, చదువునకై యొంటరిగా నా దేశమునకుఁ బోయినది. క్యాన్సరు వ్యాధిని గూర్చి పరిశోధనలు చేసినది. భర్తతో విడిపోయిన పిమ్మట నిద్దఱు కొమార్తెలను పెంచి పెద్దచేసినది. అట్టి తల్లి పెంచిన బిడ్డ యా పీఠమెక్కఁగాఁ జూడవలెనని మా కోరిక. రాజ్యాంగ సవరణముచే నా దేశపు స్త్రీలకు 1920లో ఓటు లభించెను. నూఱేండ్లు దాటినను నొక్క స్త్రీయైన నధ్యక్షురాలు కాలేదు గదా!

మా పొరుగింటి పిన్నిగారికి మా పక్షము గిట్టలేదు. "అటువైపు ఉపాధ్యక్ష పదవికి నిలిచిన వాన్సు గారి భార్య ఉష, చిలుకూరి వారి పిల్ల. వారి పూర్వుల యూరు తణుకు చెంతనున్న వడ్లూరు. ఇంటి యాఁడుపడుచును విడిచి పొరుగువారి పిల్లకు మ్రొక్కెదవేమే?" యని మందలించెను. అక్కడ వడ్లూరివారు ప్రార్థనలు చేయుచుండిరి. ఇక్కడ తమిళదేశమున తులసేంద్రపురమువారు హారిస్ గారికై తమ గుడిలో పూజలు చేయించుచుండిరి. దేవుఁ డెవరి మొఱ యాలకించునో యని మేము నవ్వితిమి గాని, మఱునాఁడే మేమును గుడికిఁ బోయి పదునొకండు ప్రదక్షిణములు మ్రొక్కుకొంటిమి.

మా దిగులునకుఁ గారణము మావారు పలకపై వ్రాసి చూపిన లెక్క. ఆ దేశమున నధ్యక్షుని నెన్నుకొను ప్రతినిధులు 538 మంది. 270 మందిని పొందినవారిదే గెలుపు. ఇంచుమించు ప్రతి రాష్ట్రమునను నెక్కువ యోట్లు పొందినవారికే యచ్చటి ప్రతినిధు లందఱును చెందుదురు. కావుననే 2016లో హిల్లరీ క్లింటన్ గారు దేశము మొత్తముమీఁద 28 లక్షలకుఁ బైఁగా నధికముగ నోట్లు పొందియు నోడిరి. ఈ మాఱు ఫలము ఏడు రాష్ట్రములపై నాధారపడియున్నదనియు, వానిలో 19 మంది ప్రతినిధులుగల పెన్సిల్వేనియా పెద్దదనియు మావారు చెప్పిరి.

పెన్సిల్వేనియా యన్నంతనే మా గుండె దడదడలాడెను. మా చెల్లెలి కాపుర మా రాష్ట్రముననే. అది యా దేశపు పౌరురాలు. ఓటు గలది.

అంతటితో మాకు నిలువరము పోయినది. ప్రతిదినమును ఫోను చేసి దానికి బోధింపసాగితిమి. సరకుల ధరలు పెరిగినవనియు, తన పెనిమిటి యటువైపే మ్రొగ్గుచున్నాఁడనియు, తానింకను నిశ్చయించుకొనలేదనియు నది చెప్పినది. మేము కోపము పట్టఁజాలక "నీవు ఆఁడుదానవేనా?" యంటిమి.

అది కొంతసేపు పలుకలేదు. పిమ్మట మెల్లగా "అక్కా, ఇక్కడి బియ్యమునకు డబ్బిచ్చుదానను నేను. నా పిల్లలు పెరుగవలసిన దేశమిది. నా యోటు నాది" యని ఫోను పెట్టివేసినది. ఆ పిమ్మటఁ బండ్రెండు దినములు మాటలు లేవు.

పోలింగు మఱునాఁడు తెల్లవాఱుజామునుండి మేము టెలివిజను ముందుఁ గూర్చుంటిమి. పెన్సిల్వేనియాలో రాత్రి 8 గంటలకుఁ బోలింగు ముగియుసరికి మనకు బుధవారము ఉదయము 6:30 గంటలు. పొయ్యిమీఁది పాలు పొంగిపోయినను మేము లేవలేదు. మావారు బడికిఁ బోవుచు "సంజయుఁడేమి చెప్పుచున్నాఁడు?" అని పరిహాసమాడిరి.

ఆ మాట ములుకువలె నాటినది. చిన్ననాఁట మా తాతగారు భారతము చదివించుచు, ధృతరాష్ట్రుఁడు సంజయు నడిగిన ప్రశ్నలోనే యతని గ్రుడ్డితన మున్నదని చెప్పెడివారు. ఒక్కయింటి బిడ్డలనే తనవారనియు పాండుసుతులనియు వేఱుచేసి యడిగెను గదా! మేమును నట్లే యొక్క కడుపునఁ బుట్టినదానిని నొక యోటుచీటిగాఁ జూచితిమి. నిజమునకు నాఁడు మాకుఁ గలిగిన భయము రెండు విధములు: హారిస్ గారు ఓడుదురేమో యనునది యొకటి, ఓడినయెడల చెల్లెలిని క్షమింపఁజాలమేమో యనునది రెండవది.

ప్రొద్దు వాలునప్పటికి పెన్సిల్వేనియా చేజాఱినది. సాయంకాలమునకు ట్రంపు గారి గెలుపు నిశ్చయమైనది. తుదిలెక్కలో వారికి 312, హారిస్ గారికి 226. మేము దీపము పెట్టి, వంట ముగించి, యెవరితోను మాటలాడక పరుండితిమి.

మఱునాఁ డుదయమున వార్తలలో, హారిస్ గారు గెలిచినవారికి ఫోను చేసి యభినందించిరనియు, తాము చదువుకొన్న హోవర్డు విశ్వవిద్యాలయమున నిలిచి యోటమి నంగీకరించిరనియు వింటిమి. మాకు సిగ్గు కలిగినది. అంతటి పదవి పోఁగొట్టుకొన్నయామె తన్నోడించినవారికి ఫోను చేసినది. ఏమియుఁ బోఁగొట్టుకొనని మేము తోఁబుట్టువునకుఁ జేయలేమా?

వెంటనే చేసితిమి. అక్కడ రాత్రి. "అక్కా, భోజనమైనదా?" యన్నది. గొంతు బొంగురుపోయియుండెను. పిల్లల జలుబు, పెరటిలోని కరివేపాకు మొక్క చలికి వాడుట, యివియే ముచ్చట్లు. కడపట "నే నెవరికి వేసితినో యడుగవా?" యన్నది. అడుగమంటిమి. "అడిగినఁ జెప్పెడిదానను గాను" అని నవ్వినది.

పదునొకండు ప్రదక్షిణములును నాఁటి సాయంకాలము తీర్చుకొంటిమి. గెలిచినఁ జేయుదు మనుకొన్న మ్రొక్కు ఓడినను నేల యని పిన్నిగారు వింతపడిరి. చెల్లెలు ఫోను తీసినదని చెప్పితిమి.